తగ్గింపు ఎవరికి? దళిత సంఘాల్లో పెత్తనం, పరిచర్య

పల్లె గుడికి వెళ్లేవాళ్లకు చిన్నప్పటి నుంచి చెవినపడే మాట ‘తగ్గింపు’. తగ్గించుకోవాలి, తగ్గింపు మనసు కలిగి ఉండాలి, గర్వం పనికిరాదు అని అయ్యగారు వేదిక మీంచి చెప్తారు. వినేదెవరు? వారమంతా ఆసాముల పొలాల్లో నడుం వంచి, ఆదివారం ఒక్కపూట నిటారుగా కూర్చోటానికి వచ్చిన మాల మాదిగలు. తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని ఊరి బజారు దాటినవాళ్ల పిల్లలూ మనవలూ. తగ్గటం ఎట్లాగో వీళ్లకు గుడిలో కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. ఆ పాఠం ఊరు ఎప్పుడో చెప్పేసింది, కర్ర పట్టుకుని మరీ చెప్పింది.

అయినా ఆ మాట వీళ్లకే చెప్తారు. చెప్పేవాళ్ల మధ్య కుర్చీ తగాదా వస్తే మాత్రం అది పోలీసు స్టేషను దాకా, హైకోర్టు దాకా వెళ్తుంది. ఈ వ్యాసంలో చూడదలచుకున్నది ఇదే. సువార్తలో తగ్గింపు అనే మాట ఎవరిని ఉద్దేశించి వచ్చింది, మన సంఘాల్లో అది ఎవరి మెడకు చుట్టుకుంది, మధ్యలో ఏం జరిగింది.

మార్కు సువార్త పదో అధ్యాయం తీయండి. యాకోబు, యోహాను అన్నదమ్ములు. నీకేం చేయమంటారని ఏసు అడిగితే, నీ రాజ్యంలో ఒకడు కుడిపక్క, ఒకడు ఎడంపక్క కూర్చోవాలి అంటారు. మిగతా పదిమందికీ కోపం వస్తుంది. అడిగింది తప్పనా, తమకంటే ముందు అడిగారనా? నా మటుకు నాకు రెండోదే అనిపిస్తుంది. అప్పుడు ఏసు చెప్పినదాని సారం ఇంతే: లోకంలో పాలకులు జనం నెత్తిన ఎక్కి కూర్చుంటారు, మీ మధ్య అట్లా కుదరదు, ముందుండాలనుకునేవాడు అందరికీ చాకిరీ చేసేవాడు కావాలి. ఇవి పీఠాల కోసం పోట్లాడుకుంటున్నవాళ్లకు పెట్టిన చీవాట్లు. అదే అధ్యాయం చివర బర్తిమయి అనే గుడ్డి బిచ్చగాడు దారిపక్క కూర్చుని కేకలేస్తుంటాడు. జనం నోర్మూసుకోమంటారు. ఏసు ఆగి, అతన్ని పిలిపించి, ఇందాక అన్నదమ్ముల్ని అడిగిన ప్రశ్నే అతన్నీ అడుగుతాడు. నీకేం చేయమంటావు? పీఠం అడిగినవాళ్లకు దొరికింది మందలింపు. బిచ్చగాడికి దొరికింది చూపు. అతనికి ఇంకా తగ్గమని ఏసు చెప్పలేదు.

లూకా మొదటి అధ్యాయంలో ఏసు తల్లి మరియ పాడిన పాట కూడా ఇట్లాంటిదే. బలవంతుల్ని గద్దెల మీంచి దించటం, దీనుల్ని లేవనెత్తటం అందులో ఒకే ఊపిరిలో వస్తాయి. మన ప్రసంగాల్లో రెండో సగం పరలోకానికి వాయిదా పడింది, మొదటి సగం అసలు వినపడదు.

కాళ్లు కడిగిన సంగతి యోహాను 13లో ఉంది. మన దగ్గర కాళ్లు కడగటం తెలియంది గాదు. పెళ్లిలో మామ అల్లుడి కాళ్లు కడుగుతాడు, శిష్యుడు గురువు కాళ్లు కడుగుతాడు. ఎప్పుడూ కిందివాడు పైవాడి కాళ్లు కడగటమే. ఏసు రోజుల్లో అది ఇంటి బానిస పని. ఆయన దాన్ని తిరగేశాడు. పేతురు వద్దు వద్దని గింజుకున్నది అందుకే. పెద్దమనిషి తన కాలు ముట్టుకుంటే లోకం తలకిందులైనట్టు అతనికి అనిపించింది. మాదిగ చదువరికి ఇందులో ఇంకో అర్థం కూడా కనపడాలి. చెప్పు కుట్టినవాడికే చెప్పు తొడుక్కుని నడిచే హక్కు లేని ఊళ్లు మనవి. కాలు దగ్గర కూర్చునే పని ఎవరిదో మన కులవ్యవస్థ చాలా స్పష్టంగా చెప్పింది. ఏసు సరిగ్గా ఆ చోటికి వచ్చి కూర్చున్నాడు.

నా చిన్నప్పుడు శ్రమల వారంలో మా పల్లె గుడికి బిషప్పుగారొచ్చారు. పన్నెండుమంది కాళ్లు కడుగుతారని ముందే కబురొచ్చింది. సంఘపెద్దలు పన్నెండుమందిని ఏరారు. అందరూ మగవాళ్లే, పంతుళ్లూ ఉద్యోగస్తులూ. ఇంటి దగ్గర సబ్బు పెట్టి తోముకుని రమ్మని చెప్పారు. కొత్త ఇత్తడి పళ్లెం, తెల్ల తువాలు, ఫోటోలు తీసే మనిషి. మా నాయనమ్మ నాట్లకూ కలుపులకూ పోయే మనిషి. మడమలు పగిలి ఆ పగుళ్లలో రేగడి ఎప్పుడూ ఉండేది. వెనక గోడకానుకుని అంతా చూసి, ఇంటికొస్తూ ఒక్క మాటన్నది. ‘కడిగిన కాళ్లే గదరా కడిగాడు.’

ఇట్లా ఎందుకయింది? చరిత్రలోకి వెళ్లాలి. ఒంగోలు ప్రాంతం తీసుకుందాం. అక్కడ మాదిగల్లో క్రైస్తవాన్ని మొదలుపెట్టింది ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు దిక్కు తిరుగుతూ సువార్త విని, 1866లో భార్య నాగమ్మతో కలిసి జ్యూయెట్ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడింది ఆ ఏడాదే, కానీ దాని తర్వాత. అంటే మిషనరీ వచ్చేసరికి మాదిగ ప్రచారకుడు పల్లెల్లో ఉన్నాడు. తొలి ఏళ్లలోనే అగ్రకులాలవాళ్లు క్లౌకి ఒక షరతు పెట్టారు. మాదిగల్ని చేర్చుకుంటే మేము దూరమవుతాం అన్నారు. క్లౌ మాదిగల పక్కన నిలబడ్డాడు. దేవుడు లోకంలో నీచులైనవాళ్లనే ఏర్పరచుకున్నాడన్న పౌలు మాటలు, కొరింథీయులకు రాసిన పత్రికలోవి, ఆ నిర్ణయానికి ఆధారమయ్యాయని మిషన్ చరిత్రలో చెప్పుకుంటారు.

తర్వాత 1876-78 ధాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె ప్రతి బాప్టిస్టు పిల్లవాడికీ వచ్చు. అయితే ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఎవరని అడగండి. నూటికి తొంభైమంది క్లౌ దొర అంటారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. క్లౌ ఆ రోజు నీళ్లలో దిగలేదు. ఆ సంగతి మిషన్ రాతల్లోనే ఉంది. అయినా జ్ఞాపకంలో దొర నిలిచాడు, నీళ్లలో నానిన చేతులు పోయాయి. ఇందులో క్లౌ తప్పు వెతకనక్కర్లేదు. నాయకత్వం అనగానే బంగళా వైపు చూసే అలవాటు అప్పటికే మనకు పట్టుకుంది.

దొర, దొరసాని. మిషనరీలను మన పెద్దలు పిలిచిన పేర్లివి. జమీందారుకూ కలెక్టరుకూ వాడిన మాటే సువార్త చెప్పేవాడికీ వాడారు. పాదిరి దేశీయుడైతే ‘అయ్యగారు’, ఆయన భార్య ‘అమ్మగారు’. పల్లె అంతకుముందు అయ్యగారని ఎవరిని పిలిచిందో వేరే చెప్పాలా? బిషప్పుకు కాథలిక్కులు ఎంచుకున్న తెలుగు మాట ‘పీఠాధిపతి’. పీఠమూ ఉంది, అధిపతీ ఉన్నాడు. యాకోబు యోహానులు అడిగింది ఇదేగదా. గ్రీకులో ఆ పదవికి అసలు అర్థం పైనుండి చూసుకునేవాడు, బాగోగులు కనిపెట్టేవాడు అని. భాష ఒక్కటే తప్పు చేసిందని నేను అనటంలేదు. కానీ పిలిచే పిలుపు మారకుండా కూర్చునే తీరు మారదు.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. పల్లెకు దొర పెత్తనం అవసరమయింది. వెట్టికి రానన్నవాణ్ణి కరణం మునసబులు కొట్టిస్తే తాసిల్దారుకు చీటీ రాసేవాడు కావాలి. బడి పెట్టించేవాడు, ఆస్పత్రికి పంపేవాడు కావాలి. అధికారం అంటేనే పాపం అని చెప్పే ఆధ్యాత్మికత కడుపు నిండినవాళ్లకు కుదురుతుంది. మన పెద్దలు అధికారాన్ని అసహ్యించుకోలేదు, దాని నీడన నిలబడి కొంత ఊపిరి పీల్చుకున్నారు. 1985 జూలై 17న కారంచేడులో దాడి జరిగాక, ప్రాణాలతో బయటపడ్డ మాదిగలు చీరాల వచ్చి తలదాచుకున్నది చర్చి ఆవరణలోనే. ప్రహరీ ఉన్న స్థలం, నలుగురు కూర్చోగల చెట్టు నీడ మన చేతిలో ఉండటం ఎంత పెద్ద విషయమో అప్పుడు తెలిసింది.

కాబట్టి అధికారం ఉండాలా వద్దా అనేది మన చర్చ గాదు. అది ఎవరికి జవాబు చెప్పాలి అనేది చర్చ. దీనికి దోర్నకల్ మంచి ఉదాహరణ. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న అక్కడికి బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. తమిళుడు, నాడార్ కులంలో పుట్టినవాడు. 1910లో ఎడింబరో మహాసభలో, మీరు మాకు చాలా ఇచ్చారు గానీ స్నేహం ఇవ్వలేదు అనే అర్థంలో తెల్ల మిషనరీల ముఖం మీదే మాట్లాడిన మనిషి. మాల మాదిగ పల్లెలే ఆయన అధ్యక్ష మండలం. గుడారం వేసుకుని తిరిగాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేతా, నెత్తిన చెయ్యి పెట్టించి, సువార్త చెప్పటం నా పని అని ఒట్టు వేయించేవాడు. నిన్నటిదాకా నోరెత్తనివ్వని మనిషికి చెప్పేవాడి స్థానం ఇవ్వటం చిన్న సంగతి గాదు. ఆయనలో పెద్దరికం లేదని చెప్పలేం, ఆ కాలపు బిషప్పుగిరీ దర్జా కొంత ఉంది. 1945 జనవరి 1న ఆయన చనిపోయేనాటికి ఆ మండలంలో రెండు లక్షల పైచిలుకు క్రైస్తవులు.

దోర్నకల్లోనూ మిగతా తెలుగు సంఘాల్లోనూ నడిచిన ‘పిడికెడు బియ్యం’ పద్ధతి సంగతి మన పరిశోధకులు ఎందుకో పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేవి. ఉపదేశి పొయ్యి వెలిగేది దానితో. కూలి దొరకని వారం ఉపదేశి ఇంట్లోనూ గంజే. పల్లె తింటే తిన్నాడు, పల్లె పస్తుంటే పస్తున్నాడు. ఆ మనిషి తగ్గింపు స్వభావం కలవాడా, కోపిష్టా అన్నది రెండో సంగతి. కోపిష్టి అయినా పల్లె మీద పెత్తనం చేయలేడు, ఎందుకంటే కుండ పల్లె చేతిలో ఉంది. అతని జీతం పట్నం ఆఫీసు నుంచి రావటం మొదలయ్యాక చూపు అటు తిరిగింది. ఎవరు అన్నం పెడితే వాళ్లకే తల వంగుతుంది. ఈ ముక్క అర్థంచేసుకుంటే మన సంఘాల నాయకత్వం గురించి సగం తెలిసినట్టే.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మిషనరీలు మెల్లగా వెళ్లిపోయారు. బంగళాలు, బళ్లు, ఆస్పత్రులు, పట్నాల నడిబొడ్డున కాంపౌండు స్థలాలు ట్రస్టుల పేరిట మిగిలాయి. ఎకరాల లెక్కన కొన్న భూమి చుట్టూ పట్నం పెరిగి గజాల లెక్కన అమ్ముడుపోయే భూమి అయ్యింది. దాని మీద సంతకం ఎవరిదో వాళ్లే నాయకుడు. పాస్టరేటు కమిటీ, డయాసిసన్ కౌన్సిలు, ఎగ్జిక్యూటివు, ఆ పైన సినడ్. కాగితం మీద చూస్తే మన గ్రామ పంచాయతీ కంటే ప్రజాస్వామ్యం. ఆచరణలో పాస్టరు బదిలీ పైవాళ్ల చేతిలో, బళ్లో ఉద్యోగం పైవాళ్ల చేతిలో, లీజు పైవాళ్ల చేతిలో. బదిలీ భయం ఉన్నవాడు ఓటు ఎట్లా వేస్తాడో ఊహించటం కష్టం గాదు. బిషప్పుల విరమణ వయసు 67 నుంచి 70కి పెంచే సవరణ కోర్టుకెక్కింది. చివరికి 2024లో మద్రాసు హైకోర్టు సినడ్ వ్యవహారాలు చూడటానికి ఇద్దరు రిటైర్డు జడ్జీలను నియమించాల్సి వచ్చింది. మీ మధ్య అట్లా కుదరదని చెప్పిన సంఘానికి, లోకపు కోర్టు వచ్చి లెక్క చెప్పించింది.

దీన్ని చూసి ‘వీళ్లకు అధికారమిస్తే ఇంతే’ అనే అగ్రకుల వెటకారం ఒకటుంది. దాన్ని ఒక్కక్షణం కూడా ఒప్పుకోకూడదు. దేవస్థానాల బోర్డుల్లో, కోఆపరేటివు బ్యాంకుల్లో, చక్కెర ఫ్యాక్టరీల్లో జరిగేదాన్ని రాజకీయం అంటారు, ఇక్కడ జరిగితే కులబుద్ధి అంటారు. అసలు మాల మాదిగ మనిషి తలమీద నిలబడగల సంస్థలు ఎన్ని ఉన్నాయి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా బయట పెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. మనకు తీయలేదు. తెలుగు రాష్ట్రాల్లో అతను బీసీ ‘సి’, వాటా 1 శాతం. రిజర్వుడు సీటుకు నిలబడలేడు. బయట అన్ని మెట్లూ తీసేసి, లోపల ఒక్క కుర్చీ వేసి, దాని కోసం మాలా మాదిగా తన్నుకుంటున్నారని నవ్వటం ఏం న్యాయం? అయితే నవ్వేవాళ్లకు జవాబు చెప్పటం వేరు, మన ఇంట్లో జరిగేదాన్ని కప్పెట్టటం వేరు. పీఠం మాలదా మాదిగదా అని లెక్కేసేవాళ్లు ఆ పీఠం ఎవరికి లెక్క చెప్తుందని అడగటం మర్చిపోయారు.

కాథలిక్ సంఘంలో కథ కొంచెం వేరు. అక్కడ రెడ్డి, కమ్మ క్రైస్తవులు మొదటి నుంచి ఉన్నారు. ఒకే దేవుడు, వేరు వేరు వీధులు. మారంపూడి జోజి 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయితే, దేశంలో దళితుడు ఆ స్థానానికి రావటం అదే మొదలు. పూల ఆంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు, దళితుల్లో తొలి కార్డినల్. కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో తెచ్చిన విధానపత్రం చర్చిలో అంటరానితనం ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. సభ్యుల్లో ఎక్కువమంది దళితులైన సంఘం ఆ మాట ఒప్పుకోటానికి అన్నేళ్లు పట్టింది. ఈ నియామకాలను తేలిగ్గా తీసుకోకూడదు. పల్లె పిల్లవాడు ఆ ఫోటో చూసి తల ఎత్తుతాడు. ఆ ఎత్తిన తల గర్వం గాదు, దాన్ని తగ్గించమని ఎవరూ ప్రసంగం చేయకూడదు.

దళిత వేదాంతంలో కూడా ఈ చిక్కుంది. 1980లలో అరవింద్ నిర్మల్ సేవకుడైన దేవుణ్ణి దళితుల దేవుడిగా చూపించాడు. పాకీపని చేసేవాడి చాకిరీలో దేవుణ్ణి చూడటం గొప్ప మలుపు. కానీ చాకిరీ పవిత్రమైందని చెప్తే చాకిరీ చేయించుకునేవాడు కూడా తల ఊపుతాడు. అంబేడ్కర్ అందుకే జాగ్రత్తగా ఉన్నాడు. మతం మారినవాళ్ల స్థితి గురించి రాస్తూ, మనిషి పతనానికి కారణం అతని పాపమేనని నేర్పితే తనను తొక్కే వ్యవస్థ మీదికి అతని చూపు పోదని విమర్శించాడు. తగ్గింపు బోధకూ ఇది అచ్చంగా వర్తిస్తుంది. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో తగ్గించుకున్నవాడు పైనున్నవాడు, తనంతట తాను దిగినవాడు. తోసేస్తే కింద పడ్డవాణ్ణి చూపించి ఎంత తగ్గింపో అనటం తోసినవాడికి మేలు చేస్తుంది.

స్వతంత్ర సంఘాల గురించి ఎక్కువ రాయను, అది వేరే వ్యాసం. అక్కడ బిషప్పు లేడు, కౌన్సిలు లేదు, ‘దైవజనుడు’ ఉన్నాడు. వేదిక మీద సోఫా ఆయనది, ట్రస్టు ఆయన కుటుంబానిది, తర్వాత మైకు కొడుకుది. లెక్క అడిగితే అభిషిక్తుడి మీద నోరెత్తావంటారు. అయినా జనం ఎందుకు వెళ్తున్నారు? చాలాచోట్ల ఆ పాస్టరు ఆ పల్లెలో పుట్టినవాడే. అర్ధరాత్రి జ్వరమొస్తే వస్తాడు, పేరు పెట్టి ప్రార్థన చేస్తాడు. పెద్ద సంఘాల అయ్యగార్లు పోగొట్టుకున్నది ఇదే.

ఆడవాళ్ల మాట రాలేదని విద్యార్థినులు అడుగుతారు. నిజమే, కుర్చీల చరిత్ర రాస్తే ఆడవాళ్లు రారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పు 2013లో నంద్యాలకు వచ్చారు, ఎగ్గోని పుష్పలలిత. కుర్చీలు వదిలి కుండల చరిత్ర రాస్తే సంగతి వేరుగా ఉంటుంది.

మా పల్లె గుడిలో పిడికెడు బియ్యానికి ఒక నోటుపుస్తకం ఉండేది. మా నాయనమ్మకు చదువు రాదు, బళ్లో చదివే నాచేత రాయించేది. ఫలానా ఇంటి నుంచి సోలెడు, ఫలానా ఇంటి నుంచి తవ్వెడు, ఈ వారం ఇవ్వలేనివాళ్ల పేరు పక్కన సున్నా. ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి ఆ పుస్తకం పైకి చదవాలి. ఎంత వచ్చింది, ఉపదేశికి ఎంత ఇచ్చాం, బాలింతకు ఎంత పెట్టాం, కుండలో ఎంత మిగిలింది. ఒకసారి అరసోలెడు తేడా వచ్చింది. నాయనమ్మ గుడి తలుపు దగ్గర నిలబడి, లెక్క తేలేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. ఉపదేశి కూడా చాప మీద కూర్చునే ఉన్నాడు. బిషప్పుగారి ఆఫీసు లెక్కలు మా పల్లెలో ఎవరైనా ఎప్పుడైనా పైకి చదివారా అని తర్వాత చాలామందిని అడిగాను. అసలు అట్లా చదవొచ్చని వాళ్లకు తెలియదు.